ఎంత తీయాలి, ఎంత ఉంచాలి? థైరాయిడ్ ఆపరేషన్ చుట్టూ నూటయాభై ఏళ్ల చర్చ

మెడలో గడ్డ ఉందని స్కానింగ్‌లో తేలిన మనిషి ముగ్గురు డాక్టర్లను కలిస్తే మూడు మాటలు వినాల్సి రావచ్చు. గ్రంథి మొత్తం తీసేస్తే బెంగ ఉండదని ఒకరు అంటారు. సగం తీస్తే చాలని ఇంకొకరు అంటారు. ఆరు నెలలు ఆగి మళ్లీ చూద్దామని మూడోవారి సలహా. ముగ్గురూ అనుభవం ఉన్నవారే, ముగ్గురి వెనకా పరిశోధనలున్నాయి. అయినా ఆ రిపోర్టు పట్టుకుని ఇంటికొచ్చిన కుటుంబానికి మాత్రం ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారేమోననే అనుమానం మిగిలిపోతుంది.

ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఈ ప్రశ్నకు జవాబు కాలాన్ని బట్టి, జబ్బును బట్టి మారుతూ వచ్చింది. ఆ మార్పు ఒకే దిక్కుగా కూడా సాగలేదు. క్యాన్సర్ కాని గడ్డల విషయంలో సర్జన్లు కొంచెం తీయడం నుంచి మొత్తం తీయడం వైపు జరిగారు. క్యాన్సర్ విషయంలో మొత్తం తీయడం నుంచి సగానికి, కొందరిలో అసలు తీయకపోవడానికి వచ్చారు. ఈ రెండు దారులు ఎదురెదురుగా నడవడమే నేటి గందరగోళానికి మూలం. రెండిటినీ విడివిడిగా చూస్తేనే చిక్కు విడుతుంది.

ప్రాణం దక్కితే చాలనుకున్న రోజులు

థైరాయిడ్ గ్రంథి కంఠమణికి కాస్త కింద, గాలిగొట్టాన్ని రెండు వైపులా హత్తుకుని ఉంటుంది. బరువు 20 గ్రాములకు అటూ ఇటూ. అంత చిన్న అవయవమే అయినా దానిలోకి వచ్చే రక్తం ఎక్కువ. మత్తుమందు, క్రిమిరహిత పద్ధతులు, రక్తనాళాన్ని పట్టి ఆపే పరికరాలు సరిగా లేని కాలంలో గాయిటర్ (ఉబ్బిన థైరాయిడ్) ఆపరేషన్ అంటే బల్ల మీదే రక్తస్రావంతో ప్రాణం పోవడమే ఎక్కువ. అమెరికన్ సర్జన్ శామ్యూల్ గ్రాస్ 1866లో దీన్ని కసాయి పనిగా వర్ణించి, బుద్ధి ఉన్న సర్జన్ ఎవరూ దీని జోలికి పోరని రాశాడు. జ్యూరిచ్‌లో థియొడార్ బిల్‌రోత్ తొలి రోజుల్లో ఆపరేషన్ చేసినవారిలో నూటికి దాదాపు నలభై మంది చనిపోవడంతో చాలాకాలం ఆ పనే మానుకున్నాడు. తర్వాత వియన్నాలో మళ్లీ మొదలుపెట్టి మెరుగైన ఫలితాలు సాధించాడు.

ఈ దశను దాటించినవాడు స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పనిచేసిన థియొడార్ కోఖర్. ఆల్ప్స్ లోయల్లో అయోడిన్ లోపం వల్ల గాయిటర్ ఊరూరా ఉండేది. ఆయన తొందరపడేవాడు కాదు. ఒక్కో రక్తనాళాన్ని విడదీసి ముడివేసి, రక్తం దాదాపు చిందకుండా పనిచేసేవాడు. జీవితకాలంలో 5,000కు పైగా థైరాయిడ్ ఆపరేషన్లు చేశాడు. మొదట్లో నూటికి పది దాటిన మరణాలు చివరికి ఒకటి కంటే తక్కువకు దిగాయి. 1909లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆయన గొప్పతనం అక్కడితో ఆగలేదు. తాను ఆపరేషన్ చేసినవారు తర్వాత ఎలా ఉన్నారో వెతికి పట్టుకుని చూశాడు. గ్రంథి మొత్తం తీయించుకుని తిరిగి వచ్చి చూపించుకున్న 18 మందిలో 16 మంది మునుపటి మనుషుల్లా లేరు. ముఖం ఉబ్బింది, మాట మందగించింది, ఒంట్లో ఎప్పుడూ చలి, ఆలోచనలో మాంద్యం. చిన్న వయసులో ఆపరేషన్ అయిన ఒక బాలిక ఎదుగుదలే ఆగిపోయి, తన చెల్లెలి కంటే పొట్టిగా మిగిలిపోయింది. జెనీవాలో రెవెర్డాన్ ఇంటిపేరున్న ఇద్దరు సర్జన్లు 1882లోనే ఇలాంటి మార్పును గమనించి చెప్పారు. 1883లో బెర్లిన్‌లో జరిగిన సర్జన్ల సభలో కోఖర్ తన ఫలితాలను దాచకుండా బయటపెట్టాడు. క్యాన్సర్ కాని గడ్డకు మళ్లీ ఎప్పుడూ గ్రంథి మొత్తం తీయనని నిర్ణయించుకున్నాడు. థైరాయిడ్ శరీరానికి ఎందుకు అవసరమో ప్రపంచానికి తెలిసింది ఒక విధంగా ఆ 16 మంది వల్లే.

బిల్‌రోత్ రోగుల్లో మాత్రం వేరే ఇబ్బంది కనిపించేది. ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లో వేళ్లు తిమ్మిరెక్కి, చేతులు కొంకర్లు పోయేవి. ఇద్దరూ ఒకే గ్రంథి తీస్తుంటే ఫలితాలు వేరుగా ఎందుకున్నాయని అమెరికన్ సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ఆలోచించాడు. కోఖర్ ఓపికగా థైరాయిడ్‌ను మాత్రమే ఒలిచి తీశాడు, అందుకే థైరాయిడ్ లోపం వచ్చింది. బిల్‌రోత్ చేతివేగంలో దాని వెనకున్న పారాథైరాయిడ్ గ్రంథులు కూడా పోయాయి, అందుకే క్యాల్షియం పడిపోయింది. ఇది ఆయన వివరణ. మనిషిలో ఆ చిన్న గ్రంథులను స్వీడన్‌కు చెందిన వైద్య విద్యార్థి ఐవర్ శాండ్‌స్ట్రామ్ 1880లో వర్ణించాడు. అంతకు ముందే లండన్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన భారతీయ ఖడ్గమృగాన్ని కోసి చూసిన రిచర్డ్ ఓవెన్ వాటిని గుర్తించాడు.

క్యాన్సర్ కాని గడ్డలు: కొంచెం నుంచి మొత్తానికి

కోఖర్ తర్వాత కొన్ని దశాబ్దాలు సర్జన్లు గ్రంథిలో కొంత ముక్క వదిలేసి మిగతాది తీసేవారు. అది భయంతో మాత్రమే పుట్టిన పద్ధతి కాదు. ఆ ముక్క పనిచేస్తే మనిషి మందు లేకుండా బతకగలడు. అయితే అదే ముక్క ఏళ్ల తరబడి పెరిగి మళ్లీ గాయిటర్‌గా తయారయ్యే అవకాశమూ ఉంది. రెండోసారి మెడ తెరిస్తే అక్కడంతా మచ్చకట్టి ఉంటుంది. గొంతు నరం ఎక్కడుందో, పారాథైరాయిడ్ ఎక్కడుందో పోల్చుకోవడం కష్టం. మొదటి ఆపరేషన్‌లో అరుదైన ప్రమాదాలు రెండోదాంట్లో అంత అరుదు కావు.

ఈ లెక్కను మార్చింది మాత్ర. 1891లో ఇంగ్లండ్‌లో జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ రసాన్ని సూదిమందుగా ఇచ్చి ఒక మహిళను కోలుకునేలా చేశాడు. చికిత్స తీసుకుంటూ ఆమె మరో 28 ఏళ్లు బతికింది. 1914లో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను విడదీశాడు, 1927లో అది ప్రయోగశాలలో తయారైంది. పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర వేసుకుంటే గ్రంథి చేసే పని చాలావరకు జరిగిపోతుందని తేలాక, ముక్క వదలడానికి ఉన్న పెద్ద కారణం బలహీనపడింది.

ఈ వాదనకు గట్టి సాక్ష్యం పోలండ్ నుంచి వచ్చింది. రెండు వైపులా గడ్డలున్న 600 మందిని మూడు గుంపులుగా చేసి, 2010లో ఐదేళ్ల ఫలితాలు ప్రకటించారు. రెండు వైపులా ముక్క వదిలినవారిలో నూటికి పదకొండుగురికి పైగా గాయిటర్ తిరగబెట్టింది. ఒకవైపు మాత్రమే ముక్క వదిలినవారిలో అది ఐదు లోపు, మొత్తం తీసినవారిలో ఒకటి లోపు. మొత్తం తీసినవారిలో తాత్కాలికంగా క్యాల్షియం తగ్గడం మాత్రం ఎక్కువగా కనిపించింది. రోగులను లాటరీ పద్ధతిలో విడదీసి చేసిన పరీక్షలు ఈ రంగంలో తక్కువ కాబట్టి దీనికి విలువ ఎక్కువ. ఒకవైపే గడ్డ ఉంటే సగం, రెండు వైపులా ఉంటే మొత్తం అనే నియమం నేడు చాలాచోట్ల నడుస్తోంది.

గ్రేవ్స్ జబ్బులో, అంటే గ్రంథి అదుపు తప్పి హార్మోన్ ఎక్కువగా చేసే స్థితిలో, తీయాలనుకుంటే మొత్తం తీయాలన్నది దాదాపు తేలిపోయింది. తేలనిది ఆపరేషన్ దాకా వెళ్లాలా అన్నదే. 1941లో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ రేడియో అయోడిన్ (రేడియోధార్మిక అయోడిన్) ఇవ్వడం, 1943లో ఎడ్విన్ ఆస్ట్‌వుడ్ మాత్రలతో చికిత్స చేయడం మొదలయ్యాక కత్తి మూడో స్థానానికి వెళ్లింది. అమెరికా చాలాకాలం రేడియో అయోడిన్ వైపు, యూరప్, ఆసియా మాత్రల వైపు మొగ్గాయి. కళ్లు ముందుకు పొడుచుకొచ్చిన రోగికి రేడియో అయోడిన్ ఇస్తే ఆ ఇబ్బంది పెరిగే అవకాశం ఉంది, గర్భవతికి అది ఇవ్వనే కూడదు. గ్రంథి చాలా పెద్దదైనా, మాత్రలు పడకపోయినా, త్వరగా గర్భం ధరించాలనుకున్నా ఆపరేషన్ మళ్లీ ముందుకొస్తుంది.

క్యాన్సర్: మొత్తం నుంచి సగానికి

అసలు వేడి ఇక్కడే. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం పాపిల్లరీ రకం. ఇది నెమ్మదిగా పెరుగుతుంది, చాలామంది పదేళ్ల తర్వాత కూడా క్షేమంగా ఉంటారు. మెడలోని శోషరస గ్రంథులకు (లింఫ్ నోడ్లకు) పాకినా వెంటనే ప్రాణం తీసే స్వభావం దీనికి లేదు. ఇంత మెతక క్యాన్సర్‌కు ఎంత పెద్ద ఆపరేషన్ కావాలన్నదే తగువు.

మొత్తం తీయాలనేవారి వాదన ఇలా ఉంటుంది. ఈ క్యాన్సర్ తరచు రెండు వైపులా చిన్న చిన్న చుక్కలుగా ఉంటుంది. గ్రంథి మొత్తం పోతేనే రేడియో అయోడిన్ పనిచేస్తుంది, రక్తంలో థైరోగ్లోబ్యులిన్ (థైరాయిడ్ కణాలు చేసే ప్రొటీన్) కొలిచి క్యాన్సర్ తిరిగొచ్చిందా అని చూడడం తేలికవుతుంది. అమెరికాలోని మేయో క్లినిక్ 1998లో ప్రకటించిన లెక్కల్లో, తక్కువ ప్రమాదం ఉన్న రోగుల్లోనే ఒకవైపు మాత్రం తీసినవారికి ఇరవై ఏళ్లలో మెడలో క్యాన్సర్ తిరగబెట్టడం 14 శాతం, రెండు వైపులా తీసినవారికి 2 శాతం.

సగం చాలనేవారు వేరే ప్రశ్న అడుగుతారు. తిరగబెట్టినవారిలో ఎంతమంది చనిపోయారు? మేయో లెక్కల్లోనే మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. తిరగబెడితే రెండోసారి తీయొచ్చు. సగమే తీస్తే ఒక నరానికి, రెండు పారాథైరాయిడ్లకు మాత్రమే ముప్పు. మొత్తం తీస్తే రెండు నరాలకు, నాలుగు పారాథైరాయిడ్లకు. పైగా సగం మిగిలినవారిలో ఎక్కువమందికి మాత్ర అవసరమే పడదు. జపాన్‌లో చాలామంది సర్జన్లు మొదటినుంచీ ఈ పక్షమే. న్యూయార్క్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి 2012లో 889 మంది రోగుల్లో రెండు పద్ధతులకూ తేడా కనిపించలేదని ప్రకటించింది.

సాక్ష్యం ఎంత సున్నితమైనదో చెప్పే ఉదాహరణ ఒకటుంది. అమెరికా జాతీయ క్యాన్సర్ సమాచార నిధి నుంచి 52,173 మంది వివరాలు తీసుకుని 2007లో ఒక బృందం, ఒక సెంటీమీటర్ దాటిన క్యాన్సర్‌లో మొత్తం తీస్తే బతుకు మెరుగని తేల్చింది. 2014లో ఇంకో బృందం అదే నిధి నుంచి, 1 నుంచి 4 సెంటీమీటర్ల క్యాన్సర్ ఉన్న 61,775 మంది వివరాలు తీసింది. రోగికున్న ఇతర జబ్బులు, క్యాన్సర్ గ్రంథి దాటిందా, ఎన్నిచోట్ల ఉంది అన్నవి లెక్కలో కలిపాక ఆ తేడా మాయమైంది. దొంతర ఒక్కటే, వేసిన ప్రశ్న వేరు. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2009లో ఒక సెంటీమీటర్ దాటితే మొత్తం తీయమంది. 2015లో నాలుగు సెంటీమీటర్ల వరకు, గ్రంథి దాటని, శోషరస గ్రంథులకు పాకని క్యాన్సర్‌కు సగం తీసినా సరిపోవచ్చని మార్చుకుంది.

ఈ మార్పుకు మరో ఊతం రేడియో అయోడిన్ వైపు నుంచి వచ్చింది. ఫ్రాన్స్‌లో 776 మంది తక్కువ ప్రమాద రోగులపై చేసిన పరీక్షలో, ఆపరేషన్ తర్వాత రేడియో అయోడిన్ ఇచ్చినా ఇవ్వకపోయినా మూడేళ్ల ఫలితం ఒకటేనని 2022లో తేలింది. మొత్తం తీయడానికి చెప్పే పెద్ద కారణాల్లో ఒకటి అది ఇవ్వడానికే కదా. ఆ మందే అవసరం లేని రోగికి ఆ కారణం నిలవదు.

తక్కువ ప్రమాదమున్న రోగి విషయంలో ఈ వ్యాసకర్త మొగ్గు సగం వైపే. అయితే ఇదంతా ఆపరేషన్ తర్వాత రోగి క్రమం తప్పకుండా స్కానింగ్‌కు తిరిగొస్తుందనే నమ్మకం మీద నిలబడిన సలహా. మన్యం గ్రామం నుంచి విశాఖకు, పాలమూరు పల్లె నుంచి హైదరాబాద్‌కు ఏటా రాలేని మనిషికి ఒక్కసారితో తేల్చేయడంలో న్యాయముంది. అదే మనిషి మాత్ర ఆగకుండా కొనుక్కోగలదా, క్యాల్షియం పడిపోతే దగ్గర్లో చూసే డాక్టరున్నాడా అన్నది ఎదురు ప్రశ్న. పరదేశపు మార్గదర్శకాలు ఈ రెండో ప్రశ్న వేయవు. మన డాక్టర్లే వేయాలి.

అసలు తీయాలా?

దక్షిణ కొరియాలో 1999 తర్వాత జాతీయ క్యాన్సర్ పరీక్షల కార్యక్రమం మొదలైంది. అందులో థైరాయిడ్ స్కానింగ్ లేదు, కానీ కొద్ది డబ్బులు అదనంగా తీసుకుని ఆసుపత్రులు అది కూడా చేశాయి. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 1993తో పోలిస్తే 15 రెట్లు అయ్యాయి. ఆ ఒక్క ఏడాదే 40,000 మందికి పైగా క్యాన్సర్ అని విన్నారు. మరణాలు మాత్రం పెరగలేదు, తగ్గలేదు. నిజంగా క్యాన్సర్ పెరిగి ఉంటే, లేదా తొందరగా కనిపెట్టడం ప్రాణాలు కాపాడి ఉంటే, మరణాల గీత ఎటో ఒకవైపు కదిలేది. అది కదలలేదంటే, జీవితాంతం ఏ ఇబ్బందీ పెట్టని క్యాన్సర్లను వేలకొద్దీ వెలికితీశారన్నమాట. 2014లో ఈ లెక్కలు పత్రికలకెక్కాక ఒక్క ఏడాదిలో ఆపరేషన్లు మూడో వంతుకు పైగా తగ్గాయి. తిరువనంతపురం క్యాన్సర్ రిజిస్ట్రీలో మహిళల థైరాయిడ్ క్యాన్సర్ రేటు దేశంలోని చాలా ప్రాంతాల కంటే బాగా ఎక్కువగా ఉండడాన్ని కూడా నిపుణులు ఈ కోణంలోనే చూస్తున్నారు. హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో మెడ స్కానింగ్ కలుపుతున్న తెలుగు పట్టణాలకు ఇది దూరపు కథ కాదు.

పరిష్కారం జపాన్ నుంచి వచ్చింది. కోబే నగరంలోని కుమా ఆసుపత్రిలో అకిరా మియాఉచి 1993లో ఒక సెంటీమీటర్ లోపు పాపిల్లరీ క్యాన్సర్‌ను కోయకుండా గమనించడం మొదలుపెట్టారు. 1,235 మందిని చూశాక 2014లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, పదేళ్లలో గడ్డ మూడు మిల్లీమీటర్లు పెరిగింది 8 శాతం మందిలో, మెడలోని శోషరస గ్రంథులకు పాకింది 4 శాతం లోపు మందిలో. అలాంటివారికి అప్పుడు ఆపరేషన్ చేశారు, ఫలితం చెడలేదు.

పేరు మార్చడం కూడా చికిత్సేనని 2016లో తేలింది. గూడు కట్టినట్టు పొరలో ఒదిగి ఉండే ఒక రకం కణితి నుంచి ‘క్యాన్సర్’ అన్న మాటనే అంతర్జాతీయ పాథాలజిస్టుల బృందం తీసేసింది. ఆ మాట వినగానే కత్తికి సిద్ధపడే రోగుల్లో కొందరికి ఇది పెద్ద ఊరట.

చేతి సంగతి

ఈ వాదనలన్నీ కాగితం మీదివి. బల్ల మీద సర్జన్ కళ్లముందున్నవి రెండు. ఒకటి స్వరనరం. తెల్లటి దారంలా, రెండు మిల్లీమీటర్ల లావున, గ్రంథి వెనక నుంచి స్వరపేటికలోకి పోతుంది. ఎడమది గుండె దగ్గరి పెద్ద ధమని చుట్టూ తిరిగి వెనక్కి వస్తుంది. ఒక నరం దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది, రెండూ దెబ్బతింటే ఊపిరే ఆడదు. రెండోది పారాథైరాయిడ్లు. కందిపప్పు గింజంత, ఆవపిండి రంగులో ఉంటాయి. పక్కనున్న కొవ్వు ముద్దకూ వాటికీ తేడా పట్టడానికి ఏళ్ల అలవాటు కావాలి. రక్తం అందక ఒకటి నల్లబడితే సర్జన్ దాన్ని చిన్న ముక్కలుగా తరిగి మెడ కండరంలో నాటుతారు, చాలాసార్లు అది మళ్లీ బతుకుతుంది.

నరాన్ని వెతికి చూసుకుంటూ ఆపరేషన్ చేయాలన్నది 1930లలో బోస్టన్ సర్జన్ ఫ్రాంక్ లాహీ నుంచి గట్టిపడిన సూత్రం. ఇప్పుడు నరాన్ని విద్యుత్ సంకేతంతో పరీక్షించే యంత్రాలు వచ్చాయి. శాశ్వత నష్టాన్ని అవి తగ్గిస్తాయా అన్నదానిపై పరిశోధనలు ఏకాభిప్రాయానికి రాలేదు. ఒకవైపు సంకేతం పోతే రెండోవైపు ఆ రోజు ముట్టుకోకుండా ఆగడానికి మాత్రం అవి పనికొస్తాయి. ఆ ఒక్క కారణానికే వాటిని సమర్థించవచ్చు.

ఎవరు చేస్తున్నారన్న ప్రశ్నకు వచ్చిన సాక్ష్యం ఇంతకంటే స్పష్టం. అమెరికాలో 16,954 మంది రోగుల వివరాలతో 2017లో వచ్చిన అధ్యయనంలో, ఏడాదికి 25కు మించి పూర్తి ఆపరేషన్లు చేసే సర్జన్ల దగ్గర ఇబ్బందులు తగ్గాయి. విషాదమేమిటంటే ఆ అధ్యయనంలోని సర్జన్లలో సగం మంది ఏడాదికి ఒక్కటే చేసేవారు. సగమా మొత్తమా అన్న వాదన కంటే రోగికి ఈ సంఖ్యే ఎక్కువ ముఖ్యం. “ఏడాదికి ఎన్ని చేస్తారండీ?” అని అడగడం మర్యాద తప్పినట్టు కాదు. అడిగినా జవాబు సరిచూసుకునే ప్రజా లెక్కలు మన దగ్గర లేకపోవడం పెద్ద లోటు.

మెడ మీద గాటు లేకుండా చంకలోంచి రోబోతో, కింది పెదవి లోపలినుంచి గొట్టాలతో చేసే పద్ధతులు కొరియా, థాయిలాండ్ నుంచి వ్యాపించాయి. పెళ్లికాని అమ్మాయిల తల్లిదండ్రులు వీటి గురించి అడగడంలో ఆశ్చర్యం లేదు. చేయి తిరిగినవారి దగ్గర, ఎంచుకున్న రోగుల్లో ఫలితాలు బాగానే ఉన్నాయి. అయితే ఇది మచ్చకు సంబంధించిన లాభమే, జబ్బుకు సంబంధించింది కాదు.

ఉప్పు డబ్బా వైపు

ఇన్ని ఆపరేషన్ల కథలో కత్తి పట్టని ఒక తెలుగువాడి పేరు చెప్పకుండా దాటడం అన్యాయం. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన పాథాలజిస్ట్ వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాలయాల ఒడిలోని కాంగ్రా లోయలో అధ్యయనం మొదలుపెట్టారు. కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు పంపారు. కొన్నేళ్లలో అయోడిన్ ఉప్పు తిన్న ప్రాంతాల్లో గాయిటర్ బాగా తగ్గింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమానికి బాట వేసింది ఇదే. కోఖర్ 5,000 మెడలు కోశాడు. ఇక్కడ లక్షల మెడలకు కత్తి అవసరమే రాకుండా పోయింది.

ఇంకా తేలనివి

సగమా మొత్తమా అన్నది క్యాన్సర్‌లో లాటరీ పద్ధతిలో తేల్చిన పెద్ద పరీక్ష లేదు. మరణాలు అతి తక్కువ కాబట్టి వేల మందిని ఏళ్ల తరబడి చూడాలి. బ్రిటన్‌లో ‘హాట్’ అనే పేరుతో ఇలాంటి పరీక్ష ఒకటి మొదలైంది. జబ్బు పాకకపోయినా గాలిగొట్టం పక్క శోషరస గ్రంథులను ముందుజాగ్రత్తగా తీయాలా అన్నదీ ఇలాగే వేలాడుతోంది. దాన్ని తేల్చాలంటే దాదాపు ఆరు వేల మంది రోగులు కావాలని లెక్క వేసినవారు, అది సులువుగా జరిగే పని కాదన్నారు.

శరీర రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌పై దాడి చేసే హషిమోటో జబ్బుతో, మాత్రతో హార్మోన్ సరిగ్గా ఉన్నా తగ్గని నీరసంతో బాధపడే 150 మందిపై నార్వేలో జరిగిన పరీక్ష 2019లో వెలువడింది. గ్రంథి తీసేసినవారు తేరుకున్నారు, అయితే వారిలో పదిమందికొకరి కంటే ఎక్కువమందికి ఆపరేషన్ ఇబ్బందులు వచ్చాయి. మనదేశంలో ఈ జబ్బుతో ఉన్న ఆడవాళ్ల సంఖ్య చూస్తే, ఒక్క అధ్యయనాన్ని నమ్మి దారి మార్చడం తొందరపాటు. నీరసం ఎక్కడినుంచి వస్తోందో ఇంకా తెలియాలి.

చిన్న క్యాన్సర్‌ను గమనించే పద్ధతిలో వయసు పెద్ద చిక్కు. అరవై దాటినవారిలో గడ్డ దాదాపు కదలదు. కుమా ఆసుపత్రి అంచనాల ప్రకారం ఇరవైల్లో ఉన్నవారిలో జీవితకాలంలో అది పెరిగే అవకాశం సగానికి దగ్గరగా ఉంది, డెబ్బైల్లో ఉన్నవారిలో నూటికి నాలుగు లోపే. పాతికేళ్ల అమ్మాయికి ఇప్పుడే కోయాలా, పిల్లలు పుట్టాక చూద్దామా అన్నదానికి అసలు జవాబు ఇవ్వాలంటే యాభై ఏళ్ల లెక్క కావాలి. కోబేలో మొదటి రోగి ఫైలు తెరిచింది 1993లో. ఆ ఫైలుకు యాభై ఏళ్లు నిండేది 2043లో.